గ్రూపులో దండం పెట్టినోళ్లంతా డబ్బులు ఇస్తారా? ఒక హాస్టల్ అక్కచెల్లెళ్ల లెక్క

ఈ రోజు ఎపిసోడ్ భద్రాచలం నుంచి. నా వెనకాల కనిపిస్తోంది కదా, అది గోదారి బ్రిడ్జి. అటు దిగితే సారపాక. మధ్యమధ్యలో లారీల సౌండ్ వస్తది, ఏమనుకోకండి.

కొన్ని నెలల కింద నాకో వాయిస్ మెసేజ్ వచ్చింది. "అక్కా, మేమంతా ఇక్కడ ఒకే గిరిజన బాలికల హాస్టల్‌లో చదువుకున్నోళ్లం. మాకు పెద్ద వాట్సాప్ గ్రూపుంది. మా ఊళ్ల నుంచి డిగ్రీకి వచ్చే చెల్లెళ్ల కోసం ఖమ్మంలో ఒక ఇల్లు తీసుకుందాం అనుకుంటున్నాం. గ్రూపులో అందరూ ఓకే అన్నారు. మీరు సాఫ్ట్‌వేర్ చేసొచ్చారు కదా, మాకో డొనేషన్ పేజీ చేసిపెట్టండి."

నేను వెంటనే సరే అనలేదు. "ఓకే అన్నారంటే ఎలా అన్నారు?" అని అడిగా. స్క్రీన్‌షాట్లు పంపింది. దండాలు, చప్పట్లు, ఎర్ర గుండెలు, "సూపర్ ఐడియా అక్కా", "నేనున్నా". స్క్రోల్ చేస్తే అయిపోవట్లేదు. ఒక్క దాంట్లో కూడా ఎంత, ఎప్పుడు అనే మాట లేదు.

ఈ ఎపిసోడ్ అంతా దాని గురించే. పాత విద్యార్థులందర్నీ డబ్బు అడిగే ముందు వాళ్ల మద్దతు నిజంగా ఎంతుందో ఎలా తెలుసుకోవాలి? మీ స్కూల్ అయినా, కాలేజీ అయినా, ఊరి లైబ్రరీ అయినా ఇదే పద్ధతి పనికొస్తది.

ఇల్లు ఎందుకు?

ముందు ఆ అవసరం ఏంటో చెప్తా. చర్ల, దుమ్ముగూడెం వైపు అడవి ఊళ్ల పిల్లలు చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో చదువుతారు. తిండి, పడక, చదువు అన్నీ అక్కడే. ఇంటర్ అయ్యేదాకా ఎలాగోలా నడుస్తది. డిగ్రీకి ఖమ్మం రావాలంటేనే తిప్పలు. చర్ల నుంచి భద్రాచలం వచ్చి, అక్కణ్ణుంచి ఖమ్మం బస్సెక్కితే సగం రోజు బస్సులోనే పోతది. రోజూ వెళ్లి రావడం కుదరదు. ప్రభుత్వ హాస్టల్‌లో సీటు దొరికితే సంతోషం. దొరక్కపోతే ప్రైవేట్ హాస్టల్ ఫీజు కట్టలేక ట్రంకు పెట్టె సర్దుకుని ఇంటికి పోవాల్సిందే. సంవత్సరం తిరిగేలోపు పెళ్లి మాటలు మొదలైతయి.

ఈ గ్రూపులో ప్రతి అక్కకీ అలా వెనక్కి వెళ్లిపోయిన ఒక ఫ్రెండ్ గుర్తుంది. ఆ బాధలోంచి వచ్చిందే ఈ ఇల్లు ఆలోచన.

అమెరికాలో దీనికి దగ్గరగా ఒకటుంది, సొరోరిటీ అంటారు. కాలేజీ అమ్మాయిల సంఘం. 1851లో జార్జియా రాష్ట్రంలోని ఒక మహిళా కాలేజీలో అడెల్ఫియన్ సొసైటీ అని మొదలైంది, ఆ తర్వాత ఇలాంటివి చాలా వచ్చాయి. 1908లో హోవార్డ్ యూనివర్సిటీలో నల్లజాతి విద్యార్థినులు ఆల్ఫా కప్పా ఆల్ఫా పెట్టుకున్నారు. చాలా సంఘాలకి సొంత ఇళ్లుంటాయి. అవి పాతబడితే బాగు చేయించడానికి ముందు బ్యాచుల వాళ్ల దగ్గరికే వెళ్తారు. కానీ వెళ్లగానే డబ్బు అడగరు. ముందు కొంతమందితో విడివిడిగా, గుట్టుగా మాట్లాడతారు. ఈ పని చేయొచ్చా, ఎంతవరకు వస్తది, జనం మనసులో ఏముంది అని చూస్తారు. దాన్ని ఫీజిబిలిటీ స్టడీ అంటారు. పేరు పెద్దదే గానీ, పని మన పెద్దోళ్లు చేసేదే. సంబంధం మాట్లాడే ముందు మధ్యవర్తిని పంపి ఆరా తీయడం లాంటిది.

నేను ఎక్కడ దెబ్బతిన్నానంటే

ఇది నాకెందుకు తెలుసంటే, నేనొకసారి బాగా దెబ్బతిన్నా. బీటెక్ అయ్యి ఉద్యోగంలో చేరిన కొత్తలో, మేం ఉన్న హాస్టల్‌కి మంచినీళ్ల ఆర్‌ఓ ప్లాంట్ పెట్టిద్దాం అని బ్యాచ్ గ్రూపులో వేశా. పది నిమిషాల్లో గ్రూపంతా పండగ. అందరూ "కౌంట్ మీ ఇన్" అన్నారు. ఆ ఊపులో నేను మెషీన్‌కి ఆర్డర్ ఇచ్చేశా. తర్వాత నంబర్ పెట్టి డబ్బు పంపండి అంటే, సగం మంది కాదు, అందులో సగం మంది కూడా పంపలేదు. మిగతాది నా మూడు నెలల జీతం లోంచి కట్టా.

డబ్బు పోయినందుకు కాదు నాకు బాధ. నేను రోజూ గుర్తు చేస్తుంటే ఫ్రెండ్స్ నా ఫోన్ ఎత్తడం మానేశారు. ఒకమ్మాయి గ్రూపులోంచే వెళ్లిపోయింది. వాళ్ల నాన్న హాస్పిటల్‌లో ఉన్నాడని నాకు ఏడాది తర్వాత తెలిసింది. తను అప్పుడు "నేనున్నా" అన్నది, అందరూ అంటుంటే తనొక్కతే కాదనలేక. తప్పు తనది కాదు. నేను అడిగిన తీరే తప్పు. అందరి ముందు అడిగితే ఎవరైనా అవుననే అంటారు.

ఇంజనీర్ భాషలో చెప్పాలంటే, గ్రూపులో వచ్చే లైక్ "సర్వర్ ఆన్‌లో ఉంది" అని మాత్రమే చెప్తది. దాని మీద బరువు పెడితే నిలబడతదా లేదా అన్నది చెప్పదు. యాప్ లాంచ్ చేసే ముందు లోడ్ టెస్ట్ చేస్తాం కదా, ఇక్కడా అదే చేయాలి.

రెండు కథలు, ఒకటి ఇక్కడిదే

భద్రాచలంలో కూర్చుని రామదాసు గురించి మాట్లాడకపోతే ఎట్లా? కంచర్ల గోపన్న, మన ఖమ్మం జిల్లా నేలకొండపల్లి ఆయన. తానీషా కాలంలో పాల్వంచ పరగణాకి తహసీల్దారు. గుడి కట్టిద్దామని విరాళాలు పోగు చేశాడు, చాల్లేదు. జనంలో చెప్పుకునే ఒక కథనం ప్రకారం అప్పుడు ఊళ్లవాళ్లే ఆయనతో అన్నారట: "అయ్యా, ఇప్పటికి శిస్తు డబ్బు వాడండి, పంట చేతికొచ్చాక మేం తీర్చేస్తాం" అని. ఆయన నమ్మి వాడేశాడు. గోల్కొండలో పన్నెండేళ్లు జైల్లో ఉన్నాడని మనందరికీ తెలిసిన కథే.

భక్తి వైపు నుంచి చూస్తే అది గొప్ప కథ. నేను ఈ రోజు ఖజానా వైపు నుంచి చూడమంటున్నా. ఊళ్లవాళ్లు అబద్ధం చెప్పలేదు. పంట వస్తే ఇద్దామనే అనుకుని ఉంటారు. కానీ "పంట వచ్చాక" అన్న మాటని చేతిలో ఉన్న డబ్బుగా లెక్కేస్తే, ఆ తేడా ఎవరో ఒకరి మెడకి చుట్టుకుంటది. రామదాసుకైతే రాముడొచ్చి కట్టాడంటారు. మనకి ఎవరొస్తారు?

రెండో కథ కాకినాడది. 1921లో గాంధీ గారు కాకినాడ వస్తున్నారు. దుర్గాబాయి అనే చిన్నమ్మాయికి, ఊళ్లో ఉన్న దేవదాసీ స్త్రీలు ఆయన్ని కలవాలని, ఆయన మాట వినాలని కోరిక. నిర్వాహకుల దగ్గరికి పోతే, ఐదు వేల రూపాయల నిధి ఇస్తే కాసేపు టైమిప్పిస్తాం అన్నారు. అప్పట్లో ఐదు వేలంటే చిన్న మాట కాదు. ఆ అమ్మాయి ఊళ్లో ధనవంతుల ఇళ్ల చుట్టూ తిరగలేదు. ఎవరి కోసం ఈ మీటింగో ఆ ఆడవాళ్ల దగ్గరికే పోయి విషయం చెప్పింది. వాళ్లే పోగు చేసి ఇచ్చారు. మీటింగ్ జరిగింది. ఆ అమ్మాయే తర్వాత 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ మొదలుపెట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్.

ఈ రెండు కథల్లోంచి నేను తీసుకున్నది ఇంతే. ఇస్తామన్న మాటని డబ్బుగా లెక్కపెట్టొద్దు. ఎవరు ఇవ్వగలరో బయట నుంచి చూసి మనమే నిర్ణయించొద్దు, పోయి అడిగి వినాలి.

ముందు లిస్టు

సరే, ఇప్పుడు మన హాస్టల్ అక్కలు ఏం చేశారో చెప్తా.

మొదటి పని లిస్టు. గ్రూపులో ఉన్నోళ్లే పాత విద్యార్థినులందరూ అనుకున్నారు. బ్యాచుల వారీగా రాసుకుంటే బయటపడింది, గ్రూపు నిండా ఈ పదేళ్లలో చదివినోళ్లే, చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉన్నోళ్లే. అంతకు ముందోళ్లు దాదాపు లేరు. పెళ్లయ్యాక ఇంటిపేరు మారింది, ఊరు మారింది, నంబర్ మారింది. కొంతమందికి ఇంట్లో ఉన్నది భర్త ఫోనే.

ఇక్కడ ఇంకో చిక్కు కూడా ఉంది. 2014లో పోలవరం ముంపు పేరుతో కూనవరం, చింతూరు, వి.ఆర్.పురం, కుక్కునూరు, వేలేరుపాడు లాంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి పోయాయి. ఒకే గదిలో దుప్పటి పంచుకున్న ఇద్దరు ఇప్పుడు రెండు రాష్ట్రాల్లో ఉన్నారు. ఖమ్మంలో ఇల్లు తీస్తే చింతూరు అక్క కూతురికి అది పనికొస్తదా? ఆమె పాప కాలేజీకి రాజమండ్రి వైపు పోతదేమో. ఆమెని అడిగే ముందు ఈ ప్రశ్న మనకి మనం వేసుకోవాలి.

సో, బ్యాచ్‌కి ఒక అక్కని పెట్టారు. ఆమె పని డబ్బు అడగడం కాదు, తన బ్యాచ్ వాళ్లు ఎక్కడున్నారో కనుక్కోవడం మాత్రమే. హాస్టల్ అడ్మిషన్ రిజిస్టర్ ఫొటో తీద్దామని ఒకరన్నారు. వద్దన్నా. అందులో కులం, తండ్రి పేరు, ఊరు అన్నీ ఉంటాయి. అది గ్రూపుల్లో తిరగడం మొదలైతే ఆపలేం.

తర్వాత ఫోన్లు

రెండో పని మాట్లాడటం. అందరితో కుదరదు కాబట్టి ప్రతి బ్యాచ్ నుంచి కొందర్ని ఎంచుకున్నారు. ఇక్కడ అందరూ చేసే తప్పు, మనకి దగ్గరోళ్లకే ఫోన్ చేయడం. అందుకే నేనో రూల్ పెట్టా. గవర్నమెంట్ ఉద్యోగం ఉన్నోళ్లు కొందరు, ప్రైవేట్ ఉద్యోగం వాళ్లు కొందరు, వ్యవసాయం, కూలి పని చేసేవాళ్లు కొందరు, గ్రూపులో ఎప్పుడూ నోరు విప్పనోళ్లు కొందరు. ఫోన్ చేసేది సొంత బ్యాచ్ వాళ్లు కాదు, వేరే బ్యాచ్ అక్క. అప్పుడే మొహమాటం తగ్గుతది.

ప్రశ్నలు ఆరు. స్క్రీన్‌షాట్ తీసుకోండి.

ఒకటి, హాస్టల్ అనగానే నీకు ముందు ఏం గుర్తొస్తది?

రెండు, ఇప్పుడు మన ఊళ్ల నుంచి చదువుకి వచ్చే పిల్లలకి అన్నిటికంటే కష్టం ఎక్కడ అనుకుంటున్నావ్?

మూడు, ఇల్లు అనే ఆలోచన నీకెలా అనిపించింది? నచ్చనిదేంటి?

నాలుగు, ఇలాంటి వాటికి ముందెప్పుడైనా డబ్బిచ్చావా? ఏమైంది?

ఐదు, డబ్బు ఎవరి చేతిలో, ఎట్లా ఉంటే నీకు నమ్మకం?

ఆరు, ఒకవేళ నీకు వీలైతే, ఏ రూపంలో, సంవత్సరంలో ఏ నెలల్లో వీలైతది?

చూశారా, "ఇస్తావా?" అన్న మాట ఎక్కడా లేదు. ఫోన్ మొదట్లోనే చెప్పాలి: "అక్కా, ఇది డబ్బు అడగడానికి చేసిన ఫోన్ కాదు. నువ్వేం చెప్పినా నీ పేరుతో గ్రూపులో పెట్టం." చెప్పినాక ఆ మాట మీద నిలబడాలి. ఫోన్ చివర్లో కక్కుర్తి పడి "అయితే ఓ వెయ్యి రాసుకోమంటావా?" అన్నామనుకోండి, అంతసేపు విన్నదంతా నాటకమైపోతది.

ఫోన్లలో ఏం తెలిసింది?

వాళ్ల పేర్లు, ఊళ్లు చెప్పను. అసలు అంకెలు కూడా వాళ్ల సొంతం, ఇక్కడ పెట్టను. కానీ కొన్ని మాటలు వాళ్ల పర్మిషన్‌తో చెప్తున్నా.

గ్రూపులో అందరికంటే ఎక్కువ దండాలు పెట్టిన ఒక అక్క ఫోన్‌లో మెల్లగా చెప్పింది, "ఇంటి లోన్ ఉంది చెల్లీ, ఇంకో రెండేళ్లు నావల్ల కాదు. గ్రూపులో అనలేకపోయా." ఆ మాట చెప్పాక ఆమె గొంతులో బరువు దిగినట్టు తెలిసిందట.

ఇంకో అక్క నర్సు. మొదటి ప్రశ్నకే చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అంది, "మీకందరికీ తీపి జ్ఞాపకాలు. నాకు అక్కడ గుర్తొచ్చేది భయం. పిల్లల కోసమైతే ఇస్తా. కానీ ఆ హాస్టల్ పేరు పెట్టొద్దు, ఆ గేటు ముందు ఫొటోకి నన్ను పిలవొద్దు." ఫ్రెండ్స్, మేం అప్పటికే పోస్టర్ డిజైన్ చేసి పెట్టుకున్నాం. దాని నిండా పాత హాస్టల్ ఫొటో, "మన ఇల్లు, మన జ్ఞాపకాలు" అని. ఆ ఒక్క ఫోన్ తర్వాత పోస్టర్ తీసేశాం. చదువుకున్న చోటు మీద అందరికీ ప్రేమే ఉంటదనుకోవడం మన ఊహ మాత్రమే. ఆమె ఒక్కతే అలా అనుకోదు కదా, ఇంకెంతమంది చెప్పకుండా ఊరుకుంటున్నారో.

మూడో అక్క మిర్చి ఏరడానికి పోతది. అసలు ఆమె పేరు ఫోన్ల లిస్టులో లేదు. "పాపం, ఆమెనేం అడుగుతాం" అని తీసేశారు. రూల్ ప్రకారం మళ్లీ కలిపాం. ఫోన్ చేస్తే ఆమె మొదట అడిగింది, "ఇన్నేళ్లకి నన్నెందుకు పిలిచార్రా?" అని. ఆమెకి కోపం డబ్బు అడుగుతారేమోనని కాదు, గ్రూపులో కలపనందుకు. తర్వాత చెప్పింది: మిర్చి ఏరుడు ఉన్న నెలల్లో చేతిలో నాలుగు డబ్బులుంటయి, తునికాకు కోసినప్పుడు ఇంకొన్ని. జూన్‌లో మాత్రం అడగొద్దు, విత్తనాలు, పిల్లల పుస్తకాలు అన్నీ ఒకేసారి పడతయి. వానాకాలంలో అసలొద్దు. నిజమే కదా, 2022 జులైలో ఇక్కడ గోదారి 71 అడుగులు దాటింది. మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేదే 53 అడుగులకి. అలాంటి వానాకాలంలో గోదారి ఒడ్డు ఊళ్ల వాళ్లకి క్యూఆర్ కోడ్ పంపితే ఎలా ఉంటది?

మేం వేసుకున్న ప్లాన్ ఏంటో తెలుసా? జూన్‌లో, కాలేజీలు తెరిచేటప్పుడు క్యాంపెయిన్. జీతాలోళ్లం కాబట్టి నెల అంటే మాకు ఒకటో తారీఖే.

ఇంకో పెద్ద విషయం రెండో ప్రశ్నలో బయటపడింది. "కష్టం ఎక్కడ?" అంటే, మూడేళ్ల హాస్టల్ గురించి చెప్పినోళ్ల కంటే ఒక రాత్రి గురించి చెప్పినోళ్లు ఎక్కువ. ఎంట్రన్స్ పరీక్ష ముందు రోజు రాత్రి, సర్టిఫికెట్లు చూపించడానికి వచ్చిన రోజు రాత్రి. ఖమ్మంలో దిగితే ఎక్కడ పడుకోవాలి? బస్టాండ్‌లో నాన్న భుజం మీద తల పెట్టి నిద్రపోయి పొద్దున్నే పరీక్ష రాశానని ఒకామె చెప్పింది. దోస్త్‌లో ఆప్షన్లు ఎలా పెట్టాలో చెప్పేవాళ్లు లేక, దూరం కాలేజీ పడి, చదువే మానేశానని ఇంకొకామె. దానికి ఇల్లు కూడా అక్కర్లేదు, ఫోన్‌లో అరగంట కూర్చుని చెప్పే అక్క ఒకరుంటే చాలు.

ఇక లెక్కలు

ఇప్పుడు క్యాలిక్యులేటర్ తీయండి. గుండ్రటి అంకెలతో చెప్తా, ఇది ఉదాహరణ మాత్రమే.

పది మంది అమ్మాయిలకి ఇల్లు అనుకుందాం. అద్దె 14,000. వంట మనిషికి 8,000. తిండి, గ్యాస్ మనిషికి రెండు వేలు చొప్పున 20,000. కరెంటు, నీళ్లు 3,000. మొత్తం నెలకి 45,000. సంవత్సరానికి 5,40,000. మంచాలు, అడ్వాన్స్ వేరే.

గ్రూపులో మాట, "తలా రెండొందలు వేస్తే అయిపోతది." 45,000ని 200తో భాగిస్తే 225. అంటే 225 మంది ప్రతి నెలా, ఒక్కరు కూడా మర్చిపోకుండా వేయాలి. సగం మంది ఆగితే చేతిలో ఉండేది 22,500. అద్దె, వంట మనిషి జీతం కడితే మిగిలేది 500. అప్పుడు ఏం చేస్తారు? పది మంది పిల్లల్ని చదువు మధ్యలో బయటికి పంపిస్తారా? ఇల్లు తెరవకపోవడం కంటే తెరిచి నాలుగు నెలలకి మూసేయడం ఎక్కువ అన్యాయం. ఒకమ్మాయి మనల్ని నమ్మి ఊళ్లో వచ్చిన ఇంకో అవకాశం వదులుకుని వస్తది.

అందుకే ఫోన్లలో వచ్చిన జవాబుల్ని మూడు కుప్పలు చేశాం. ఎంత, ఏ నెల అని తనంతట తానే చెప్పినోళ్లు ఒక కుప్ప. "చూద్దాం", "ఎంతో కొంత" అన్నోళ్లు రెండో కుప్ప. కుదరదన్నోళ్లు మూడో కుప్ప. ఖర్చు ప్లాన్ వేసేటప్పుడు మొదటి కుప్పే లెక్క. రెండో కుప్ప విలువ సున్నా. వాళ్ల మీద గౌరవం లేక కాదు, వాళ్ల మాట మీద అద్దె కట్టలేం కాబట్టి. అందులోంచి వస్తే అది బోనస్.

ఇంకో మాట. ఎంతొస్తే ముందుకి పోవాలి, ఎంత రాకపోతే ఆగాలి అన్నది జవాబులు చూడకముందే కాగితం మీద రాసి పెట్టుకోవాలి. చూశాక రాస్తే, మనసు ఇల్లు మీదే ఉంటది కాబట్టి అంకెల్ని మనకి కావాల్సినట్టు చదువుతాం. వీళ్లు రాసుకున్నది: మొదటి కుప్ప ఒక్కదాంతోనే ఏడాది ఖర్చు దాటితే ఇల్లు, లేకపోతే చిన్నగా మొదలు.

దాటలేదు. దగ్గరికి కూడా రాలేదు.

ఆ రోజు ఆన్‌లైన్ మీటింగ్‌లో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆలోచన మొదలుపెట్టిన చెల్లి కెమెరా ఆపేసింది. నాకు తెలుసు, ఏడ్చింది. "అయితే మనోళ్లకి పట్టింపు లేదనేగా అక్కా?" అని అడిగింది. కాదు. అదే డేటాలో ఇంకో కాలమ్ ఉంది. డబ్బు కుదరదన్నోళ్లలో చాలామంది వేరేదేదో ఇస్తామన్నారు. ఖమ్మంలో ఉండే ఇద్దరు పరీక్షల రోజుల్లో పిల్లల్ని తమ ఇంట్లో పడుకోబెట్టుకుంటామన్నారు. దోస్త్ ఆప్షన్లు పెట్టిస్తామన్నోళ్లు ఉన్నారు. మిర్చి అక్క బియ్యం పంపిస్తానంది. మద్దతు ఉంది. మనం అడిగిన ఆకారంలో లేదు.

సో, ఇప్పటికి ఇల్లు లేదు. పరీక్షలు, అడ్మిషన్లు జరిగే నెలలకి మాత్రం ఖమ్మంలో రెండు గదులు అద్దెకి తీసుకుంటున్నారు. మొదటి కుప్ప దానికి సరిపోయి కొంచెం మిగులుతది. ఆ నెలల్లో చెప్పినోళ్లు చెప్పినట్టు ఇచ్చారా లేదా అన్నదే అసలు లోడ్ టెస్ట్. అది నిలబడితే ఇల్లు గురించి మళ్లీ కూర్చుంటారు.

డబ్బు ముట్టుకునే ముందు

కామెంట్లలో అడుగుతారు కాబట్టి త్వరగా చెప్తా. ఐదో ప్రశ్నకి దాదాపు అందరూ ఒకటే అన్నారు: ఒకరి సొంత ఫోన్‌పే నంబర్‌కి వేయం. కరెక్ట్. సొసైటీగా రిజిస్టర్ చేసుకోవాలంటే మన తెలుగు రాష్ట్రాల్లో కనీసం ఏడుగురు సభ్యులుండాలి. దాని పేరు మీద బ్యాంకు ఖాతా, ఇద్దరి సంతకం. ప్రతి నెలా వచ్చింది, పోయింది గ్రూపులో పెట్టాలి. కానీ ఎవరెంత ఇచ్చారో పెట్టొద్దు. ఆ షీట్ ఇద్దరి దగ్గరే ఉండాలి.

80జి ఉంటే ట్యాక్స్ తగ్గుతదని ఆశ పెట్టకండి. అది సంస్థకి విడిగా తెచ్చుకోవాలి. తెచ్చుకున్నా కొత్త ట్యాక్స్ విధానంలో ఉన్న దాతలకి ఆ మినహాయింపు రాదు. విదేశాల్లో ఉన్న అక్కలు ఇండియన్ పాస్‌పోర్టుతోనే ఉండి సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందకి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే మాత్రం ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి లేకుండా ఒక్క రూపాయి తీసుకోవద్దు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల్ని ఉంచాలనుకుంటే ముందు జిల్లా మహిళా శిశు సంక్షేమ ఆఫీసులో అడగండి.

ఆఖరి పని, అందరూ మర్చిపోయేది. ఫోన్ చేసి మాట్లాడిన ప్రతి ఒక్కరికీ తిరిగి ఫోన్ చేసి "మీరు చెప్పింది విన్నాక ఇలా నిర్ణయించాం" అని చెప్పాలి. వీళ్లు చెప్పారు. కుదరదన్నోళ్లకి కూడా. నర్సు అక్కకి పోస్టర్ తీసేశామని చెప్తే, "అయితే పరీక్షల నెలలో ఒక ఆదివారం నేను వస్తా, పిల్లల్తో ఉంటా" అందట.

ఫ్రెండ్స్, మీ గ్రూపుల్లో కూడా ఇలాంటి ఆలోచన ఒకటి నడుస్తూనే ఉంటది. ఈ వారం చిన్న పని చేయండి. గ్రూపులో పోస్ట్ పెట్టకుండా, ఎప్పుడూ మాట్లాడని ఒక్కరికి ఫోన్ చేయండి. డబ్బు మాటెత్తకండి. మొదటి ప్రశ్న ఒక్కటే అడిగి, వాళ్లు చెప్పేది వినండి. ఏం తెలిసిందో కామెంట్‌లో రాయండి, పేర్లు మాత్రం వద్దు.

రెండు గదులకి తాళం తీసిన రోజు నేను ఖమ్మంలో ఉంటా, అక్కణ్ణుంచి ఒక ఎపిసోడ్ చేద్దాం. లైట్ పోతోంది, కట్ చేస్తున్నా. ఉంటా మరి, నమస్తే.